పాత స్విఫ్ట్: షోరూముకే ఇచ్చేయాలా, మనమే అమ్ముకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2018 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ, పెట్రోలు, 62 వేల కిలోమీటర్లు, ఫస్ట్ ఓనర్, టీఎస్ 07 నంబరు. కొత్తగా కాంపాక్ట్ ఎస్‌యూవీ బుక్ చేయబోతున్నారు, ఆన్‌రోడ్ 11 లక్షల 20 వేలు. షోరూమువాళ్లు పాతదానికి 3.90 లక్షలు, పైన ఎక్స్ఛేంజ్ బోనస్ 30 వేలు అన్నారు. ఆఫీసులో మిత్రుడేమో "బయట 4.75 పలుకుతుంది, ఊరికే పోగొట్టుకోకు" అన్నాడు. ఫోన్లో ఒక యాప్ 4.40 చూపించింది. లోను తీరి రెండేళ్లయింది గానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది.

నేను 2012 నుంచి పదకొండేళ్లు షోరూముల్లో పాత కార్ల టేబుల్ దగ్గర కూర్చున్నాను. ముందు విజయవాడ, తర్వాత హైదరాబాద్. మీలాంటివాళ్ల బండి చుట్టూ తిరిగి రేటు కట్టే పని నాదే. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి టేబుల్‌కి అవతలివైపు సంగతి మొహమాటం లేకుండా చెప్పగలను.

మీరు రాసిన మూడు రేట్లలో ఒక్కటీ మీ చేతికొచ్చే డబ్బు కాదు. మిత్రుడు చెప్పిన 4.75 ప్రకటనల్లో జనం పెట్టుకునే రేటు. అది అడిగేదే తప్ప తెగేది కాదు. ఆ రేటుకి పెట్టిన బండి నెల తర్వాత కూడా అక్కడే కనిపిస్తుంది, కావాలంటే గమనించండి. యాప్ చూపించిన 4.40 బండిని చూడకముందు చెప్పిన మాట. మనిషి వచ్చి గంటసేపు ఫొటోలు తీసుకుని వెళ్లాక అది తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మీ బండిని బట్టి, ఆ వారం వాళ్ల వేలంలో ఎంతమంది పాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడోది షోరూము రేటు. ఇందులో ఉన్న తిరకాసు కొంచెం వివరంగా చెప్పాలి.

షోరూముకి మీ పాత కారు, కొత్త కారు రెండు బేరాలు కావు, ఒకటే బేరం. మీకు వదులుకోగలిగిన మొత్తం ఒకటి వాళ్ల మనసులో ఉంటుంది. దాన్ని ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టి చూపిస్తారు. పాత కారుకి రేటు పెంచమని పట్టుబట్టారనుకోండి, 15 వేలు పెంచి కొత్తదాని మీద ఇస్తామన్న డిస్కౌంటులో అంతకు అంత కోసేస్తారు. ఈ పని నేనూ చేశాను. కస్టమరు నవ్వుతూ వెళ్లేవాడు, మేనేజరూ నవ్వేవాడు.

అందుకే షోరూములో అడగాల్సింది "నా పాత కారుకి ఎంతిస్తారు" అని కాదు. "పాత కారు ఇవ్వకపోతే నేను కట్టాల్సిన ఆఖరి మొత్తం ఎంత? ఇస్తే ఎంత?" అని అడగండి. రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు. ఉదాహరణకి మీ సంగతే తీసుకుందాం. ఎక్స్ఛేంజ్ లేకపోతే 35 వేలు డిస్కౌంటు ఇస్తామన్నారనుకోండి, మీరు కట్టేది 10.85. ఎక్స్ఛేంజ్ చేస్తే డిస్కౌంటు 10 వేలకి దిగుతుంది, బోనస్ 30 వేలు, కారుకి 3.90. అప్పుడు కట్టేది 6.90. ఈ రెంటికీ తేడా 3 లక్షల 95 వేలు. అంటే మీరు 4.20 అనుకుంటున్న ఆఫరు నిజానికి 3.95. డిస్కౌంటు అంకెలు నేను ఊహించి వేసినవే, మీ షోరూములో వేరేగా ఉండొచ్చు. లెక్క మాత్రం ఇలాగే కట్టాలి.

ఆ 3.90 అయినా ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నారు? మేం బండి చూసి, పదిహేను ఫొటోలు తీసి, వాట్సాప్‌లో పాత కార్లు కొని అమ్మే ముగ్గురు నలుగురు కన్సల్టెన్సీవాళ్లకి పంపేవాళ్లం. పది నిమిషాల్లో రేట్లు వచ్చేవి. వాటిలో పైది పట్టుకుని, అందులోంచి మా ఖర్చులు, మా మార్జిన్ తీసేసి మీకు చెప్పేవాళ్లం. మీ బండి చాలాసార్లు షోరూములో ఒక్క రాత్రి కూడా ఉండదు. ఇంకొక సంగతి కూడా ఉంది. రిజిస్టర్డ్ వ్యాపారి పాత కారు అమ్మితే కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య ఉన్న తేడా మీద జీఎస్టీ కట్టాలి. స్విఫ్ట్‌లాంటి చిన్న కార్లకి అది 12 శాతం ఉండేది, 2025 జనవరి నుంచి 18 అయింది. అదీ మీ రేటులోంచే పోతుంది. మీరు మీ సొంత కారుని ఇంకో మామూలు మనిషికి అమ్మితే ఈ జీఎస్టీ ఊసే లేదు. సొంతానికి వాడుకున్న కారు కాబట్టి ఆదాయపు పన్ను గొడవ కూడా లేదు.

అదే ఏడాది సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది గుర్తుందా, ఆ దెబ్బకి కొత్త కార్ల ధరలు తగ్గాయి, వాటి వెనకే పాతవాటి ధరలూ జారాయి. మీ మిత్రుడు తన కారు అంతకుముందు అమ్మి ఉంటే ఆ రేటు ఇప్పుడు పట్టుకోవద్దు.

సరే, బయట అమ్మితే మీ బండికి నా అంచనా 4.45, మంచి పార్టీ దొరికితే 4.50. పాలిష్, లోపల శుభ్రం, ఒకటి రెండు చిన్న గీతలు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలిపి 5 వేలు వేసుకోండి. చేతిలో 4.40 మిగులుతుంది. షోరూముతో తేడా 45 వేలు. ఈ 45 వేలు ఊరికే రావు. ఇరవై ముప్పై ఫోన్లు, "లాస్ట్ ఎంత బ్రో" అనే మెసేజీలు, రెండు మూడు ఆదివారాలు, బండి చూసి "ఇంట్లో మాట్లాడి చెప్తా" అని మాయమైపోయేవాళ్లు. ఆ ఓపిక ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. తేడా 20, 25 వేల లోపు ఉంటే నేనైతే షోరూముకే ఇచ్చేస్తాను. 45 వేలంటే మాత్రం మూడు ఆదివారాలు పెట్టొచ్చు.

ఒక కిటుకు చెబుతాను, సేల్స్ కుర్రాళ్లు తమంతట తాము చెప్పరు. కొన్ని కంపెనీల స్కీముల్లో పాత కారుని ఆ షోరూముకే ఇవ్వాలని ఉండదు. మీరు బయట అమ్మేసి, పేరు మారిన ఆర్సీ కాపీ గడువులోగా ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తారు. పాత ఆర్సీ, కొత్త బిల్లు ఒకే పేరు మీద గానీ, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు ఇలా దగ్గరి కుటుంబం మీద గానీ ఉండాలంటారు. బుకింగ్ రోజే అడిగి, ఆ మాట బుకింగ్ ఫారం మీద రాయించండి. పైన వేసిన లెక్కలో దీనివల్ల మీకు మిగిలేది 5 వేలే, ఎందుకంటే అటు డిస్కౌంటు తగ్గుతుంది. బోనస్ 50 వేలు పెట్టిన నెలలో అయితే అదే మంచి మొత్తం అవుతుంది.

ఇక అసలు విషయం. డబ్బు తేడా కంటే ముందు దీని గురించే రాయాల్సింది.

2011లో నా ఆల్టో అమ్మాను. అప్పటికి నేను ఈ లైన్లోకి రాలేదు. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ అతను లక్షా నలభైకి మాట్లాడి, డబ్బు చేతిలో పెట్టి, పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాడు. కొనేవాడి పేరు రాయాల్సిన చోట ఖాళీ. "పార్టీ దొరకగానే మనమే మార్పించేస్తాం సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నిశ్చింతగానే ఉన్నాను, రెండేళ్లు. 2013లో ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ నల్లగొండ కోర్టు నుంచి నోటీసు తెచ్చాడు. నకిరేకల్ దగ్గర హైవే మీద నా ఆల్టో ఒక మోటార్ సైకిల్‌ని గుద్దింది. నడిపింది ఎవరో నాకు తెలియదు. బండి అప్పటికి నలుగురి చేతులు మారింది. ఇన్సూరెన్స్ ఎవడూ కట్టలేదు. ఆర్సీలో మాత్రం నా పేరే, మా నాన్న పేరు, మా ఇంటి నంబరు. కన్సల్టెన్సీ ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు. రెండేళ్లు వాయిదాలకి తిరిగాను. తెల్లవారుజామున బస్సు, కోర్టు వరండా, మధ్యాహ్నం "వాయిదా పడింది" అన్న మాట, మళ్లీ బస్సు. చివరికి మూడో చెయ్యి మారినవాణ్ణి వెతికి పట్టుకుంటే రాజీ కుదిరింది. నా వాటాగా పోయింది ఆల్టోకి వచ్చిన డబ్బులో సగం దాకా ఉంటుంది.

ఇది నా ఒక్కడి దురదృష్టం అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి కేసులోనే తేల్చి చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా సరే, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదే. అమ్మినట్టు కాగితం ఉంది, డెలివరీ నోట్ ఉంది అంటే చాలదు.

కాబట్టి నా లెక్కలో డబ్బు వచ్చిన రోజు కారు అమ్ముడుపోయినట్టు కాదు. ఆర్సీలో పేరు మారిన రోజే అమ్ముడుపోయినట్టు. షోరూముకిచ్చినా, యాప్‌కిచ్చినా, పక్కింటాయనకిచ్చినా ఇంతే. "ఎవరికి అమ్మాలి" అన్నదానికి నేను చూసే మొదటి కొలత రేటు కాదు, ఎవరు త్వరగా, నమ్మకంగా పేరు మార్పిస్తారు అన్నది.

చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా మీరు రవాణా శాఖకి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. ఫారం 29 మీ తరఫు సమాచారం, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. కొనేవాళ్ల పేరు, చిరునామా నిండాకే పెట్టండి, పెట్టగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇంకో చిన్న సంగతి. ఆర్టీఏ రికార్డులో ఉన్న మీ ఫోన్ నంబరు ఎప్పటిదో చూసుకోండి. 2018లో వేరే సిమ్ ఉండి ఉంటే ఓటీపీ దానికి పోతుంది, మీరు, కొనేవాళ్లు ఇద్దరూ మొహాలు చూసుకోవాలి.

వ్యాపారికి ఇచ్చేటప్పుడు ఇంకో రక్షణ ఉంది, చాలామందికి తెలియదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల వ్యాపారులు ఆర్టీఏ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న కేంద్ర నిబంధన వచ్చింది. అలాంటి డీలరుకి బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్లో నమోదు చేస్తే, అక్కణ్ణుంచి బండి మళ్లీ అమ్ముడయ్యేదాకా ఆ డీలరునే ఓనరుగా భావిస్తారు. నాకు 2011లో ఇది ఉండి ఉంటే నల్లగొండ బస్సు ఎక్కే పని ఉండేది కాదు. షోరూములోనైనా యాప్‌లోనైనా "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సి ఇస్తారా" అని అడగండి. నేను చూసినంతలో చిన్న కన్సల్టెన్సీల్లో ఈ ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తారు. అలాంటి చోట కొనేవాళ్ల పేరు నిండిన ఫారాలతో తప్ప ఇవ్వకండి. వాళ్లు 10 వేలు ఎక్కువిచ్చినా సరే.

ఆంధ్రా నుంచి పార్టీ వస్తే ఏంటి అని మీకు అనుమానం రావచ్చు, హైదరాబాద్ బండ్లకి గుంటూరు, విజయవాడ నుంచి చాలామంది వస్తారు. రాష్ట్రం దాటితే ఇక్కడ ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, అంటే ఎన్‌వోసీ తీయాలి, అది ఫారం 28. వాళ్లు అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ డబ్బు మీ రేటులోంచి తగ్గించమంటారు. పైగా "వచ్చే నెల మార్పించుకుంటాం" అని ఆ పని నెలల తరబడి నానుతుంది. మీది టీఎస్ బండి, తెలంగాణలోనే పార్టీ దొరుకుతుంది. 10 వేలు తక్కువైనా ఇక్కడివాళ్లకే ఇవ్వండి.

బ్యాంకు పేరు సంగతి ఈ వారమే తేల్చుకోండి. దాన్ని తీయించకుండా ఏ దారిలోనూ మంచి రేటు రాదు. కొనేవాళ్లు ఆర్సీ వెనక్కి తిప్పి బ్యాంకు పేరు చూడగానే "లోను ఉందా?" అని సగం మంది అక్కడే ఆగిపోతారు. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఆర్సీ మీంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 రెండు కాపీలు తెచ్చుకోవాలి. రెండేళ్ల కింద ఇచ్చిన ఎన్‌వోసీ ఇంట్లో ఉంటే అది ఇప్పుడు పనికిరాకపోవచ్చు, సాధారణంగా మూడు నెలలే చెల్లుతుంది. కొత్తది అడగండి.

కారు చూడ్డానికి వచ్చేవాళ్లు ఏం చూస్తారో చెబుతాను, దాన్ని బట్టి దేనికి డబ్బు పెట్టాలో మీకే తెలుస్తుంది. నేనైతే బానెట్ ఎత్తకముందే డోరు తీసి అంచున ఉన్న రబ్బరు బీడింగ్ రెండంగుళాలు కిందికి లాగేవాణ్ణి. దాని వెనక రేకు మీద ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి చుక్కలుగా, వరసగా ఉంటుంది. చుక్కలు చెదిరి ఉన్నా, పుట్టీ పామినట్టు నున్నగా ఉన్నా ఆ వైపు దెబ్బ తిన్నట్టే. తర్వాత ఫెండర్ బోల్టుల తలలు. పానా పడిన బోల్టు అంచున రంగు లేచిపోయి ఉంటుంది. అద్దాలన్నిటి మీదా తయారీ కోడ్ చూసేవాణ్ణి, ఒక్కదానిదే ఏడాది వేరైతే ఎందుకు మారిందని అడిగేవాణ్ణి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం. ఆఖరికి ముందు సీటు బెల్టు మొత్తం బయటికి లాగేవాణ్ణి. చివరి అడుగున మట్టి చార కనిపిస్తే ఇంజిన్ కూడా స్టార్ట్ చేసేవాణ్ణి కాదు. 2020 అక్టోబరు వానలకి హైదరాబాదులో మునిగిన బండ్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు తుడుచుకుని, సెంటు కొట్టుకుని బజారుకి వచ్చాయి. అందుకే ఇప్పుడు కొనేవాళ్లలో తెలివైనవాళ్లు బెల్టు లాగకుండా మాట్లాడరు. మీది మునగలేదు కదా, మీరే ముందు లాగి చూపించండి. ఆ ఒక్క పనితో వచ్చే నమ్మకం పది మాటలకి రాదు.

డబ్బు పెట్టకూడనిది పెయింటింగ్‌కి. అమ్మబోయే ముందు బంపర్ నుంచి డిక్కీ దాకా రంగు వేయించినవాళ్లని చూశాను. గీతలున్న ఒరిజినల్ పెయింట్‌కి రేటు ఉంటుంది, మెరిసే కొత్త పెయింట్‌కి "ఏం దాచారు?" అన్న ప్రశ్న ఉంటుంది. కొత్త టైర్లు కూడా వద్దు. 20 వేలు పెడితే 8 వేలు తిరిగి రావు. సర్వీస్ హిస్టరీ ప్రింట్ తీసి పెట్టుకోండి, దానికి ఖర్చేమీ లేదు, మీటర్ తిప్పలేదని చెప్పే సాక్ష్యం అదే. పెండింగ్ చలాన్లు కట్టేయండి. కొనేవాళ్లు మీ గుమ్మంలో నిలబడే బండి నంబరు కొట్టి చూస్తారు.

నంబరు అంటే గుర్తొచ్చింది. మన దగ్గర నంబరు కూడితే తొమ్మిది వస్తే బేరంలో కొంచెం పట్టు దొరుకుతుంది, ఎనిమిది వస్తే ఇంజిన్ ఎంత బాగున్నా మొహం చిట్లించేవాళ్లు ఉంటారు. నవ్వొస్తుంది గానీ వాదించకండి. అలాంటివాళ్లు మీ పార్టీ కాదు, అంతే. ఆషాఢంలో అమ్మకానికి పెట్టకండి. ఆ నెల కొత్త కార్ల మీద ఆఫర్లు బాగుంటాయి, పాతదాన్ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లే తక్కువ. కొత్తది ఆషాఢంలో బుక్ చేసి పాతది శ్రావణంలోనో, దసరా ముందో అమ్మగలిగితే రెండువైపులా మీకే లాభం.

టోకెన్ తీసుకున్నాక "మంచిరోజు చూసుకుని వస్తాం" అంటే తేదీ రాయించుకోండి. వారం దాటితే ఇంకొకరికి చూపిస్తానని ముందే చెప్పండి. టెస్ట్ డ్రైవ్‌కి లైసెన్స్ ఫొటో తీసుకుని, పక్క సీట్లో మీరు కూర్చోండి. ఎంత పెద్దమనిషిలా కనిపించినా తాళం ఇచ్చి "ఒక రౌండ్ కొట్టి రండి" అనొద్దు. ప్రకటన పెట్టిన గంటలో "నేను ఆర్మీ ఆఫీసర్ని, బండి చూడక్కర్లేదు, అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తుంది. పెట్టేయండి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పోవడానికే స్కాన్. ఆఖరి రోజు స్క్రీన్‌షాట్ చూసి తాళాలివ్వకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందా చూసుకోండి. 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ముక్కలు ముక్కలుగా తీసుకున్నా ఒకే బేరం కింద లెక్క.

ఇన్సూరెన్స్‌లో మీ డబ్బు ఒకటి దాగి ఉంది, జనం వదిలేస్తారు. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు, కారుది కాదు, మీది. ఐదేళ్లు వరసగా క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా ఉంటుంది. పాత కారు అమ్మినట్టు కాగితాలు చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే కొత్త కారు పాలసీలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే భాగం మీద అంత తగ్గుతుంది. లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారుకి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 30 వేలయితే, 50 శాతం మీద 15 వేలు మిగిలినట్టే. షోరూములో ఎక్స్ఛేంజ్ చేసినా ఇది మీకే వస్తుంది, అడగకపోతే గుర్తుచేయరు. కొన్నవాళ్లకి కూడా చెప్పండి, 14 రోజుల్లోగా పాలసీ వాళ్ల పేరుకి మార్చుకోకపోతే థర్డ్ పార్టీ వరకు సరే గానీ వాళ్ల కారుకి దెబ్బ తగిలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఫాస్టాగ్ బండి ఇచ్చిన రోజే క్లోజ్ చేయండి. లేకపోతే వాళ్లు తిరుపతి వెళ్తే టోలు మీ ఖాతాలోంచి పోతుంది.

షోరూముకే ఇచ్చేయమని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. పెద్ద యాక్సిడెంట్ అయిన బండి, లక్షన్నర దాటిన డీజిల్, షెవర్లే, ఫోర్డ్ లాంటి మన దేశంలో అమ్మకాలు ఆపేసిన కంపెనీల బండ్లు, వీటిని బయట అమ్మడం మామూలు మనిషికి తలనొప్పి. లోను ఇంకా నడుస్తుంటే ఫోర్‌క్లోజర్ గొడవ వాళ్లే చూసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండి, ముక్కూ మొహం తెలియనివాళ్లు రావడం ఇష్టం లేకపోయినా అంతే. వచ్చే నెల అమెరికా ఫ్లైటు ఉంటే మారు మాట్లాడకుండా షోరూమే. "మా తమ్ముడు తర్వాత అమ్మేస్తాడు" అని వెళ్లినవాళ్ల ఆర్సీలు ఏళ్ల తరబడి వాళ్ల పేరు మీదే తిరుగుతాయి. 15 ఏళ్లు నిండిన బండి అయితే వేరే లెక్క, రీ-రిజిస్ట్రేషన్ ఫీజు, స్క్రాప్ సర్టిఫికెట్, దాని మీద వచ్చే రాయితీ. అది మీకు అక్కర్లేదు.

మీ స్విఫ్ట్ వీటిలో దేనికిందకీ రాదు. ఫస్ట్ ఓనర్, పెట్రోలు, 62 వేలు, ఏ వీధి మెకానిక్‌కైనా చేతికొచ్చిన ఇంజిన్. బయట సులభంగా పోయే బండి అంటే ఇదే. నేనైతే బ్యాంకు పేరు తీయించి, 4.65కి ప్రకటన పెట్టి, 4.40 కింద కదలకుండా మూడు ఆదివారాలు చూస్తాను. ప్రకటనకంటే ముందు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో పెట్టండి. తెలిసినవాళ్ల తెలిసినవాళ్లయితే పేరు మార్పు ఆలస్యం చేయరు. ఈలోపు కొత్తది బుక్ చేసుకోండి గానీ, షోరూములో ఆ రెండు లెక్కలూ రాయించుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. మూడో ఆదివారం సాయంత్రానికి ఎవరూ తెగకపోతే ఆ కాగితంతో వెళ్లి ఇచ్చేయడమే. ఈలోగా వాళ్ల రేటు 10 వేలు తగ్గొచ్చు, దాన్ని ప్రయత్నం ఖర్చు అనుకోండి.

మీరు రాయనిది ఒకటుంది, రెండో తాళం ఉందా? లేకపోతే ముందే చేయించుకోండి. చేయించడానికి కొన్ని వేలే అవుతుంది గానీ, లేదని తెలిస్తే కొనేవాళ్లు నేరుగా 10 వేలు తగ్గించమంటారు, అదెక్కడ పోయిందో, ఎవరి చేతిలో ఉందో అని రాత్రి నిద్ర కూడా పట్టదు వాళ్లకి.